కాగజ్‌నగర్‌లో ఉన్న నా తుపాకి గొట్టం

మానేరు ఇసుకలో బోర్లా పడుకొని ఒక్క తోటాతో పదకొండు బాతులను కూల్చిన మనిషిని మీలో ఎవరూ చూసి ఉండరు. చూడాలనిపిస్తే హుజూరాబాద్ రండి. బస్టాండు దగ్గర విత్తనాల దుకాణంలో, మా కొడుకు కూర్చునే గల్లాపెట్టె పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్లు రుద్దుకుంటూ కనిపిస్తాను. ఫొటోలు తీసుకోవచ్చు. చాయ్ మాత్రం మీరే తెప్పించాలి.

ఆ పదకొండులో నాలుగు, నిజం చెప్పాలంటే, పక్కన నిలబడ్డ కొంగలు. మోతకు బెదిరి ఎగిరిపోయాయి. వాటిని కదిలించింది నేనే కనక లెక్కలో వేసుకున్నాను. మిగిలిన ఏడు సంగతి దారిలో చెబుతాను. మొదట్లోనే అంతా ఒప్పేసుకుంటే ఇంత దూరం మీతో ఏం మాట్లాడను?

నా తుపాకి జంట గొట్టాలది. మా వైపు దునాలీ అంటారు. రెండు గొట్టాలూ అతికి ఒకే ముక్కగా విప్పుకు వస్తాయి కనక మొత్తాన్ని గొట్టం అనే అంటాం. తునికాకు కాంట్రాక్టులు నడిచిన రోజుల్లో మా బాపూ, ఆయన భాగస్తుడు కాగజ్‌నగర్ హుస్సేన్ సాబూ హైదరాబాద్ పోయి, ఒకే దుకాణంలో ఒకే పూట రెండు తుపాకులు జతగా కొన్నారు. నంబర్లు కూడా పక్కపక్కవే. మాది చివర ఏడు, వాళ్లది చివర ఎనిమిది. బాపు తర్వాత మాది నాకు వచ్చింది. హుస్సేన్ సాబు తర్వాత వాళ్లది ఆయన కొడుకు ఖాదర్‌కు పోయింది. ఖాదర్ నాకంటే రెండేళ్లు పెద్ద. ఆ రెండేళ్లను ఇప్పటికీ నా మీద వాడుకుంటూనే ఉంటాడు.

దునాలీ గుణం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కుడి గొట్టం తోటాలోని సీసపు గుండ్లను జొన్నలు చల్లినట్టు వెడల్పుగా చల్లుతుంది. కాళ్ల దగ్గర లేచే కంజు పిట్టకు అది. ఎడమ గొట్టం మూతి కాస్త బిగువు, గుండ్లు ముద్దగా దూరం పోతాయి. బాతుకు అది. రెండింటికీ అందకుండా పోయే పిట్టకు బూతులు. అయిదు తోటాల తుపాకులు ఉన్నవాళ్లనూ చూశాను. వాళ్లు అయిదుసార్లు గురి తప్పుతారు, అంతకంటే తేడా లేదు. ఒక దొరగారి విలాయతి తుపాకిని కూడా ఓసారి పట్టుకున్నాను. దాని మీద వెండితో చెక్కిన కుక్క బొమ్మ ఉండేది. తుపాకి పేలినా పేలకపోయినా ఆ కుక్క మాత్రం అందంగా ఉండేది.

ఇప్పుడు వేట లేదు. చట్టం ఎప్పుడో మూసేసింది, మంచి పనే చేసింది. లేకపోతే నా గురి చూసి పిట్టలు నవ్వి నవ్వి చచ్చేవి. తుపాకి మాత్రం పంటల కాపుదల పేరు మీద లైసెన్సుతో ఉంది. అది కాపాడిన పంట ఏదో నన్ను అడగొద్దు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని తీసుకుపోయి స్టేషన్‌లో జమ చేయాలి. ఓటు నాకు, జైలు దానికి. విడుదలై వచ్చాక దాని తుప్పు వదిలించడానికి వారం పడుతుంది. ఇక ప్రతి ఆదివారం దాన్ని విప్పి, మిషన్ నూనెతో తుడిచి, గొట్టాన్ని ఆకాశానికి పెట్టి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తాను. మంచి గొట్టంలో వెలుగు గాజుల వరస లాగా ఒకదాని లోపల ఒకటి ఉంగరాలు కడుతుంది. ఆ చివర ఇంత ఆకాశం ముక్క. మా ఇంటామె రాజవ్వ దీన్ని 'పూజ' అంటుంది. మెచ్చుకోలుగా కాదు.

పది తుపాకులు వరసగా పెట్టి నా కళ్లకు గంతలు కట్టినా, తడిమి నాదేదో చెప్పగలనని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి నేను. ఇన్నాళ్లూ కర్ర దగ్గరి నంబరు ఒక్కటే చూసి ముద్ర కొట్టేవాళ్లు. ఈసారి లైసెన్సు రెన్యువల్‌కు కరీంనగర్ పోతే, మనవరాలి ఈడు క్లర్కు ఒకమ్మాయి తుపాకిని ఫోన్‌తో ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూసి అంది:

"తాతా, కర్ర దగ్గర ఇనుము మీద నంబరు చివర ఏడున్నది. గొట్టం మీద ఎనిమిదున్నది. గిదేంది?"

"పాతది కదా బిడ్డా, అరిగింది."

"ఏడు అరిగి ఎనిమిదైతదా?"

నలభై ఏళ్లుగా నేను నూనె పెట్టి, గుడ్డతో తుడిచి, లోపలికి చూసి మురిసిపోయిన గొట్టం ఖాదర్‌ది. నాది కాగజ్‌నగర్‌లో ఉంది. రెండు నంబర్లు కలిస్తేనే రెన్యువల్, లేకపోతే తుపాకి జమ చేసి ఇంటికి పొమ్మంది ఆ అమ్మాయి. గడువు నెలాఖరు. అదీ ఈ యాత్రకు కారణం.

హుజూరాబాద్: మూటలో సన్నాయి

పొద్దున్నే బయలుదేరాం. రాజవ్వ కూడా ఎందుకంటే, ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఉచితం అయ్యాక ఆమె చూడని బస్టాండు లేదు. దానికి తోడు ఖాదర్ భార్య షహనాజ్ భాభీతో ఆమెకు నాకు తెలియని దోస్తీ ఉంది. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. మా ఇద్దరి గురించే అని అనుమానం.

తుపాకిని గొట్టం వేరుగా, కర్ర వేరుగా విప్పి, పాత దుప్పట్లో చుట్టి, తాళ్లతో కట్టాను. తోటాలు లేవు. లైసెన్సు కాగితాలు జేబులో ఉన్నాయి. కండక్టరమ్మ వచ్చి రాజవ్వ ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టింది. నా దగ్గర డబ్బు తీసుకుంది. తర్వాత మూట వైపు చూసింది.

"ఏంది తాతా, గా పొడుగు మూట?"

నేను నోరు తెరిచేలోగా రాజవ్వ చెప్పేసింది. "తుపాకి."

కండక్టరమ్మ పకపకా నవ్వింది. "అవ్వ మస్తు మజాక్ చేస్తది."

నిజం చెబితే ఈ లోకంలో జరిగేది ఇదే. కనక నేను మన పద్ధతిలో చెప్పాను. "సన్నాయి బిడ్డా."

దాన్ని మాత్రం బస్సంతా నమ్మింది. ముందు సీట్లో ఉన్న సైదాపూర్ రైతు ఒకాయన వెంటనే వెనక్కి తిరిగాడు. "మా తమ్ముని లగ్గమున్నదన్నా. బాజా కుదుర్తలేదు. మీరెంత తీస్కుంటరు?"

ఒక రేటు చెప్పాను. జర తగ్గించమన్నాడు. ఊపిరి పట్టే పని అని, ఈ వయసులో తగ్గించలేనని, డోలు వాయించేవాడు వేరే ఉన్నాడని చెప్పాను. కరీంనగర్‌లో దిగేముందు నంబరు అడిగితే మా కొడుకుది ఇచ్చాను. విత్తనాల దుకాణానికి సన్నాయి కోసం ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయట. వాడు నాతో మాట్లాడటం కాస్త తగ్గించాడు.

కరీంనగర్: ఇద్దరు ముసలాళ్లు, ఒక అద్దాల బీరువా

బస్సు మారడానికి సమయం ఉంది. రాజవ్వ బస్టాండులో కూర్చొని తన సర్వపిండి విప్పింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నె అడుగున కాల్చిన రొట్టె అది. చల్లారితేనే రుచి అని మేమంటాం, వేడిది దొరకని ప్రతిదాని గురించీ మేమలాగే అంటాం. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకొని పాత తుపాకుల దుకాణానికి పోయాను.

ఒకప్పుడు అక్కడ నిలబడటానికే చోటు ఉండేది కాదు. ఇప్పుడు అద్దాల బీరువాలో రెండు తుపాకులు, వాటి పక్కన మూడు టార్చిలైట్లు, కోతులను బెదిరించే గన్ను ఒకటి. దాంట్లో కార్బైడ్ వేసి పేలుస్తారు. దుకాణదారు నా కంటే ముసలివాడు.

"అమ్మనీకి వచ్చిన్రా?" అన్నాడు మూట చూడగానే.

"లేదు సేఠ్, ఊరికే చూడనీకి."

"గిప్పుడు అందరు అమ్మనీకే వస్తున్రు. కొననీకి ఎవ్వడు రాడు. ఎవళ్ల పోరలకు గిది వద్దు. తండ్రి పోంగనే పట్టుకొస్తున్రు."

తోటా ధర అడిగాను. చెప్పాడు. ఆ ధరకు వేయించిన కోడికాలు, మీద మసాలా, పక్కన నిమ్మకాయ ముక్కతో సహా వస్తుంది. పైగా కోడికాలు గురి తప్పదు. "నంబర్లు మారిన గొట్టాలు మళ్లా కూర్చుంటయా సేఠ్?" అని మాత్రం అడిగాను. జతగా కొన్నవైతే కూర్చుంటాయన్నాడు. "ఎవలు మార్చుకున్రో గని, గంత కండ్లు లేనోళ్లా?" అని కూడా అడిగాడు. మా ఊళ్లో ఎవరో ఉన్నారని చెప్పి వచ్చేశాను.

అన్నట్టు, ఆ ఏడు బాతుల్లో నాలుగు పక్క మడుగులో ఖాదర్ కొట్టినవి. ఒకే సంచిలో వేశాం కదా, కలిసిపోయాయి.

కాగజ్‌నగర్: సోమవారం

మంచిర్యాలలో ఇంకో బస్సు మారి, మధ్యాహ్నం దాటాక కాగజ్‌నగర్‌లో దిగాం. కాగితం మిల్లు మూతబడ్డ రోజుల్లో వస్తే ఊరు ఎవరో పోయిన ఇల్లులా ఉండేది. మళ్లీ తెరిచాక మనుషులు మళ్లీ దాని వాసనను తిట్టుకోవడం మొదలుపెట్టారు. తిట్టుకుంటున్నారంటే బాగున్నారని అర్థం.

ఖాదర్ వసారాలో మడతమంచం మీద కూర్చొని ఉన్నాడు. గేటు చప్పుడుకు తల తిప్పాడు కానీ నా వైపు కాదు, జామచెట్టు వైపు.

"ఎవరది?"

"నీకు వేట నేర్పించినోణ్ణి."

"అరె నర్సయ్యా! అయితే నువ్వు కాదు. నాకు నేర్పించినోడు మా అబ్బా. రా, కూసో. చెల్లె వచ్చిందా? షహనాజ్, సర్కస్ వచ్చింది సూడు!"

రెండు కళ్లలో మోతిబిందు, అంటే శుక్లాలు. ఆపరేషన్ అంటే భయం. భయం కాదట, డాక్టరు చిన్న పిల్లవాడట. అందరు డాక్టర్లూ చిన్నపిల్లలయ్యే వయసు మాది.

భాభీ బగారన్నం, దాల్చా పెట్టింది. మా ఇంట్లో పప్పు వేరు, కూర వేరు. వీళ్ల దాల్చాలో సొరకాయ, పప్పు, మాంసం, చింతపులుసు అన్నీ ఒకే గిన్నెలో రాజీ పడి ఉంటాయి. అసెంబ్లీలో కూడా అంత పొత్తు చూడలేదు. మూడోసారి వడ్డించుకుంటూ నేను వచ్చిన పని చెప్పాను. ఏడు, ఎనిమిది, క్లర్కమ్మాయి, నెలాఖరు.

ఖాదర్ మొదట నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"అంటే గిన్నేండ్లు నువ్వు కొట్టిన పిట్టలు నా గొట్టంతోనా?"

"నువ్వు కొట్టినయి నా గొట్టంతో. లెక్క ప్రకారం అవన్నీ నాయే."

"గట్లనా? మరి నువ్వు తప్పినయన్ని నా కాతల రాస్తవా?"

ఎప్పుడు మారాయో కూడా అప్పుడే తేలింది. జైనూరు వైపు ఓ వాగు దాటుతుంటే కుండపోత వాన పట్టింది. ఓ మంచె కింద దూరి, రెండు తుపాకులూ విప్పి, ఒకే గోనెసంచి మీద పరిచి తుడిచాం. వాగు పొంగుతోందని ఎవరో కేక వేస్తే గబగబా బిగించుకొని పరుగెత్తాం. నిజానికి వేటగాళ్లెవరూ ఇద్దరి తుపాకులు ఒకే సంచి మీద విప్పరు. మేం విప్పాం. ఎందుకంటే సంచి ఒక్కటే ఉంది, అది కూడా ఖాదర్‌దే. నేను గొడుగు తెచ్చాను, అది గాలికి పోయింది.

"ఇస్తవా మరి?" అన్నాను.

"ఇయ్యక? నీ పేరు మీదున్నది నీకే. గని ఇయ్యాలనే వచ్చి మంచిగ చేసినవ్. సోమవారం దాటితే దొరకకపోతుండె."

"సోమవారం ఏమున్నది?"

జవాబు భాభీ చెప్పింది. "ఆయనకు కండ్లు కనవడయ్. ఇంట్ల పిల్లలు తిరుగుతరు. ఇగ నాకొద్దన్న భాయ్‌సాబ్. రెన్యువల్ లేదు ఏం లేదు. సోమవారం పోలీస్టేషన్‌ల ఇచ్చేస్తున్నం. పూరా. మళ్ల తెచ్చుకునుడు లేదు."

నాలుగోసారి వడ్డించుకోబోయిన గరిటె గిన్నెలోనే వదిలేశాను. ఖాదర్ చెయ్యి కడుక్కుంటూ, చాలా మామూలుగా అన్నాడు:

"నీది నీకిస్త. నాది నాకియ్యి. స్టేషన్‌ల నంబరు చూస్తరు గద. ఎనిమిది మీద ఎనిమిదే ఉండాలె."

అప్పటిదాకా నేను ఆలోచించింది నా తుపాకి నిలబడుతుందా లేదా అని మాత్రమే. అది నిలబడాలంటే ఇంతకాలం నా భుజాన మోసిన గొట్టం, ఆదివారం ఆదివారం నాకు ఆకాశం చూపించిన గొట్టం, ఖాదర్ కర్రకు తగిలించుకొని స్టేషన్ సామాన్ల గదికి పోతుంది. అక్కడ పట్టుబడ్డ నాటుసారా కుండల పక్కన, వాహనం లేని నంబరు ప్లేట్ల పక్కన నిలబడుతుంది. దానికి నూనె పెట్టే దిక్కు ఉండదు.

నా తెలివంతా ఉపయోగించాను. గొట్టం పోయిందని చెప్పి కర్ర ఒక్కటే జమ చేయమన్నాను. "లోపలేస్తరు," అన్నాడు. ఇంకో ఏడాది ఆగమన్నాను. "కండ్లు వాపస్ వస్తయా?" అన్నాడు. మీ తాతల గొట్టం అలా ఇచ్చేయడానికి మనసెలా ఒప్పిందని అడిగాను.

"తాతలది కాదు, అబ్బాది. అది నీ తానున్నది. నేను సూసి నలభై ఏండ్లాయె. మనసెందుకు ఒప్పదు?"

 నేను మాట మార్చి, రేపు ఒక్కపూట జైనూరు పోయొద్దాం, పాత చోటు చూసొద్దాం అన్నాను. వాయిదా వేయడానికి అంతకంటే మంచి సాకు దొరకలేదు. ఖాదర్ ముఖం వెలిగిపోయింది. కళ్లు లేనివాడికి చోట్లు చూపిస్తానన్న పెద్దమనిషిని నేను.

జైనూరు: కట్టెలు భుజాన పెట్టి

కిరాయి కారులో నలుగురం పోయాం. ఆసిఫాబాద్ దాటి ఘాటు ఎక్కుతుంటే రాజవ్వ, భాభీ వెనక సీట్లో పల్లీలు తింటూ మా ఇద్దరి గురకల తేడా చర్చించుకున్నారు. దారిలో ఇప్పపూల లడ్డూలు అమ్ముతున్న ఆడవాళ్లు కనిపించారు. మా వైపు ఇప్పపువ్వు అంటే ముందుగా సారా గుర్తొస్తుంది. ఇక్కడ అదే పువ్వును బెల్లంతో ముద్ద చేసి పిల్లలకు పెడతారు. రెండు కొని, సారా అనుకొని తిన్నాను. ఏమీ ఎక్కలేదు. బాగుంది మాత్రం.

జైనూరులో ఓ చిన్న హోటల్ ముందు ఆగి జొన్నరొట్టె తిన్నాం. పక్కన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచిన ఠేచా. మహారాష్ట్ర ఇక్కడికి రొట్టె వాసనంత దూరం. "పచ్చడి జర ఎయ్యి," అన్నాను.

"ఇది పచ్చడి గాదు కాకా, ఠేచా," అంది వడ్డించే అమ్మాయి. "పచ్చడోలె తినకున్రి."

పచ్చడిలాగే తిన్నాను. హుజూరాబాద్ మనిషి కారానికి జంకుతాడా? తర్వాత కాసేపు నాకు కూడా ఖాదర్ లాగే ఏమీ కనిపించలేదు.

పాత వాగు దగ్గర ఆడవాళ్లు కారులోనే ఉన్నారు. మేమిద్దరం చెరో కట్టె పట్టుకొని గడ్డిలోకి నడిచాం. మంచె ఎప్పుడో పోయింది. ఇప్పుడా పొలంలో పత్తి. ఖాదర్ ఒక్కసారిగా నా మోచెయ్యి పట్టుకున్నాడు. నాకంటే ముందు వాడికి వినిపించింది. కంజు పిట్ట పిలుపు. పత్తి చేను గట్టు మీదికి వచ్చాయి, మెడలు సాచి, ఎవరికీ బాకీ లేనట్టు నడుచుకుంటూ.

"ఎన్ని?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆరు."

"అంటే రెండు."

"మూడు," అన్నాను. నిజంగా మూడే.

ఇద్దరం ఏమీ అనుకోకుండానే కట్టెలు భుజానికి ఎత్తాం. చెంప కట్టెకు ఆనించి, ఒక కన్ను మూసి. ఖాదర్ రెండు కళ్లూ మూసుకున్నాడు, వాడికి తేడా లేదు. పిట్టలు లేచాయి, ఆ టపటపా రెక్కల చప్పుడుతో. వాడి కట్టె ఆ చప్పుడు వెంట కచ్చితంగా తిరిగింది. నాది కాస్త ఆలస్యంగా తిరిగింది. ఎప్పటిలాగే.

"ఏం జేస్తున్రు తాతా?"

వెనక ఖాకీ బట్టల్లో ఓ అమ్మాయి. ఫారెస్టు బీటు ఆఫీసరు. పక్కన బైకు.

"పిట్టలను చూస్తున్నం బిడ్డా," అన్నాను.

"కట్టె భుజానికి వెట్టి చూస్తరా?"

"నాకు మోతిబిందు," అన్నాడు ఖాదర్ తడుముకోకుండా. "గట్ల వెడితేనే కనవడ్తది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. "కట్టె గనక సరిపోయింది. ఇంకోటైతే ఇద్దరినీ జీపెక్కిద్దును. గిటు పులి తిరుగుతున్నది, తొందరగ పోన్రి."

పులి అనగానే ఖాదర్ నా కంటే వేగంగా నడిచాడు. కళ్లు కనిపించనివాడి వెనక పరుగెత్తుకుంటూ కారు చేరాను. ఇది చదివేవాళ్లకు నేను ముందున్నానని చెప్పాలనే అనుకున్నాను కానీ సాక్షులు ఇద్దరు ఆడవాళ్లు.

బాతుల సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను, జైనూరు గాలిలో అబద్ధం నిలవడం లేదు. మిగిలింది మూడు. మూడూ నేను కొట్టినవే. ఒకటి తర్వాత లేచి ఎగిరిపోయింది.

మళ్లీ కాగజ్‌నగర్: గోనెసంచి మీద

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఇక వాయిదాకు సాకులు లేవు. భాభీ వసారాలో గోనెసంచి పరిచింది. ఖాదర్ తన తుపాకి తెచ్చాడు. నేను మూట విప్పాను. నలభై ఏళ్ల తర్వాత రెండూ పక్కపక్కన పడుకున్నాయి, ఎవరి పెళ్లాన్ని ఎవరు తెచ్చుకున్నారో ఇప్పుడు తెలిసిన అన్నదమ్ముల్లాగా.

ఖాదర్ దగ్గరున్న గొట్టం, అంటే కాగితం ప్రకారం నాది, వెలుగుకు పెట్టి చూశాను. లోపల తుప్పు చుక్కలు, మశూచి మచ్చల్లా. ఉంగరాలు లేవు. వాడి తప్పేమీ కాదు, కనిపించనివాడు ఏం తుడుస్తాడు? ఏడుకు ఏడు తగిలించాను. 'టక్' మని కూర్చుంది. దుకాణదారు చెప్పింది నిజమే. భుజానికి ఎత్తితే మూతి వైపు ఏదో బరువు తేడా. నంబర్లు కలిశాయి, నా చెయ్యి కలవలేదు.

తర్వాత ఎనిమిదిని ఖాదర్‌కు ఇచ్చాను. ఆ క్షణం మరిచిపోలేను. గొట్టం ఒళ్లో పెట్టుకోగానే వాడి కళ్లు చెమ్మగిల్లాయి. తండ్రి చేతి గొట్టం, ఇన్నేళ్ల తర్వాత వచ్చింది, వచ్చిన వెంటనే పోతోంది. మోతిబిందు కళ్ల నుంచి ధారగా నీళ్లు. వదలలేక వదలలేక పట్టుకున్నాడు. నేనే దగ్గర కూర్చొని, వీపు నిమిరి, "పోనీ ఖాదర్ భాయ్, ఇనుముదేముంది, మనం ఉన్నం గద," అని ధైర్యం చెప్పాను. అలాంటి సమయాల్లో ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి. భాభీ చాయ్ తెచ్చింది. మేం రాత్రి అక్కడే ఉండి, తెల్లారి బస్సెక్కాం. మళ్లీ సన్నాయే.

హుజూరాబాద్: ఏడుకు ఏడు

కరీంనగర్‌లో ఆ క్లర్కమ్మాయి మళ్లీ ఫొటో తీసి, పెద్దది చేసి, "గిప్పుడు సరిపోయింది తాతా," అంది. రెన్యువల్ అయింది. సోమవారం ఖాదర్ ఫోన్ చేసి, స్టేషన్‌లో ఇచ్చేసి వచ్చానని, రసీదు ఇచ్చారని, భాభీ ఆ రోజు సేమ్యా చేసిందని చెప్పాడు. ఇంకేమైనా చెప్పాడేమో, నేను వినలేదు. ఆదివారాలు తుపాకి విప్పుతున్నాను. నూనె పెడుతున్నాను. తుప్పు చుక్కలు కొంచెం కొంచెం పోతున్నాయి. పూర్తిగా పోవని నాకు తెలుసు.

ఇదంతా రాసి నిన్న పొద్దున రాజవ్వకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ విన్నది. సన్నాయి దగ్గర నవ్వింది. పులి దగ్గర నవ్వింది. గోనెసంచి దగ్గరికి వచ్చేసరికి చేతిలో పని ఆపింది.

"మల్లొక్కసారి సదువు, గక్కడ."

చదివాను. ఖాదర్ కన్నీళ్లు, నా ఓదార్పు, ఇనుముదేముంది, అన్నీ.

"ఖాదర్ భాయ్ ఎప్పుడేడ్చిండయ్యా? ఆయన చాయ్‌ల బిస్కట్ ముంచుకుంట కూసుండె. గొట్టం ఒళ్లె వెట్టుకొని పోరనోలె ఏడ్చింది నువ్వు. ఇయ్య, ఇయ్య అని పట్టుకుంటివి. భాభీ వచ్చి నీ చేతి ఏళ్లు ఒక్కొక్కటే ఇడిపిస్తె గని ఇయ్యకపోతివి. గట్లనే రాయి."